పట్టవిద్యాదశలో ఆంగ్లభాషాసహాయము: సచిన్ తెలుగు విద్యార్థి దృష్ట్యా ఒక పరిశీలనము

విశ్వవిద్యాలయమున పట్టవిద్య నభ్యసించు విద్యార్థికి ఆంగ్లమెంత వచ్చియుండవలయును, రానిచో దానిని నేర్పు బాధ్యత ఎవరిది, ఆ బోధనము ఏ రీతిగ సాగవలయును అను మూడు ప్రశ్నలు భారతదేశమున ఆధునిక విశ్వవిద్యాలయములంత ప్రాచీనములు. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయములు వెలసిన నాటినుండియు వీనిపై చర్చ సాగుచునే యున్నది. అయితే ఆ చర్చ సామాన్యముగ రెండు భాషల నడుమనే తిరుగుచుండును. ఒకటి ఆంగ్లము, రెండవది ఆ రాష్ట్రభాష. విద్యార్థి మాతృభాష ఆ రెంటిలో ఏదియు కానప్పుడు సమస్య స్వరూపమే మారును. అట్టి విద్యార్థికి పట్టవిద్యాదశలో ఎట్టి భాషాసహాయము కావలయునో ఈ వ్యాసమున పరిశీలింపబడుచున్నది. ఇందులకు ఉదాహరణముగ గ్రహింపబడినది గుజరాతు రాష్ట్రమున సూరతు నగరమునకు దక్షిణముగ నున్న సచిన్ ప్రాంతము.

1. స్థలపరిచయము

సచిన్ ఒకప్పుడు చిన్న సంస్థానము. జంజీరా సిద్దీల వంశమువారు 1791లో దీనిని స్థాపించిరి. 1948లో ఇది బొంబాయి రాష్ట్రమున విలీనమైనది. 1960లో గుజరాతు రాష్ట్రమేర్పడగా అందులో భాగమైనది. బొంబాయి నుండి సూరతునకు పోవు రైలుమార్గముపై సచిన్ స్టేషను కలదు. గుజరాతు పారిశ్రామికాభివృద్ధి సంస్థ ఇచట నెలకొల్పిన పారిశ్రామికవాడలో నేతశాలలు, రంగులద్దకపు మిల్లులు, రసాయన కర్మాగారములు వెలసినవి. 2020లో ఈ ప్రాంతము సూరతు మహానగరపాలికలో చేరినది.

సూరతునకును తెలుగువారికిని గల సంబంధము ముఖ్యముగ నేతవృత్తివలన కలిగినది. తెలంగాణమందలి చేనేత క్షీణించినకొలది పద్మశాలి కుటుంబములు షోలాపురము, భివండి, బొంబాయి, సూరతు నగరములకు తరలిపోయినవి. సూరతులో లింబాయత్ మొదలగు వాడలలో తెలుగు కుటుంబములు స్థిరపడినవి. మరమగ్గముల పరిశ్రమ నగరమునకు దక్షిణముగ విస్తరించిన కొలదియు జీవనోపాధికై తెలుగువారు ఆ దిశకును సాగిరి. మొదటి తరమువారు మగ్గమును నమ్ముకొని వచ్చినవారు. తరువాతి తరములవారు చదువును నమ్ముకొనుచున్నారు. ఈ మార్పువలననే ఆంగ్లప్రశ్న వారి యిండ్లలో ప్రవేశించినది.

ఈ ప్రాంతపు తెలుగు విద్యార్థి భాషాక్రమమును గమనింపదగును. ఇంట తల్లిదండ్రులతో పలుకునది తెలంగాణపు తెలుగు. వీథిలో తోడివారితో పలుకునది హిందీ, గుజరాతీ. సూరతు నగర ప్రాథమిక విద్యాసమితి గుజరాతీతోపాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు మాధ్యమములలో గూడ ప్రాథమిక పాఠశాలలను నడపినది. ఇది ప్రశంసనీయమైన విషయము. కాని పట్టస్థాయిలో తెలుగు మాధ్యమము సూరతులో లేదు. కావున తెలుగు బడిలో అక్షరములు దిద్దిన బాలుడైనను ఎక్కడనో ఒకచోట గుజరాతీలోనికో, హిందీలోనికో, ఆంగ్లములోనికో దాటవలసియున్నది. కళాశాల ప్రవేశించు నాటికి వానికి నాలుగు భాషలు తెలియును. కాని ఆ నాలుగింటిలో శాస్త్రవిషయమును తుదముట్ట చదివి, ఆలోచించి, వ్రాయగల భాష ఒక్కటియు ఉండకపోవచ్చును. సమస్యకు మూలమిచట కలదు.

2. గుజరాతున మాధ్యమప్రశ్న

గుజరాతు విశ్వవిద్యాలయము 1949లో అహమ్మదాబాదున స్థాపితమైనది. స్వాతంత్ర్యానంతరము దేశమంతట వీచిన మాతృభాషాభిమానమున కనుగుణముగ ఆ విశ్వవిద్యాలయము ఆంగ్లమును క్రమముగ తొలగించి గుజరాతీని, హిందీని బోధనభాషలుగ ప్రవేశపెట్టుటకు యత్నించినది. ఈ యత్నమే 1962లో సుప్రీంకోర్టు తీర్పునకు దారితీసినది. ఆ వ్యవహారమునకు కారణమైన విద్యార్థి మరాఠీ మాతృభాషగా గలవాడు. పాఠశాలలో మరాఠీ మాధ్యమమున చదివి, అహమ్మదాబాదులోని సెంట్ జేవియర్ కళాశాలలో మొదటి సంవత్సరము ఆంగ్లమాధ్యమమున పూర్తిచేసి, రెండవ సంవత్సరమున గూడ ఆంగ్లమాధ్యమమునే కోరెను. విశ్వవిద్యాలయ నిబంధనములు అందుల కడ్డువచ్చినవి. అధికసంఖ్యాకులైన న్యాయమూర్తులు గుజరాతీనిగాని, హిందీనిగాని ఏకైక బోధనభాషగ విధించు అధికారము ఆ విశ్వవిద్యాలయమునకు లేదని నిర్ణయించిరి. రాజమహేంద్రవరమున జన్మించిన న్యాయమూర్తి కోకా సుబ్బారావు మాత్రము భిన్నాభిప్రాయమును ప్రకటించి, బోధనభాషను నిర్ణయించు అధికారము విశ్వవిద్యాలయమున కున్నదనిరి.

ఈ వ్యవహారము న్యాయశాస్త్రజ్ఞులకు కేంద్ర రాష్ట్రముల అధికారవిభజనమునకు సంబంధించినది. భాషావేత్తల కిందులో మరియొక విషయము గోచరించును. రాష్ట్రభాష మాతృభాష గాని విద్యార్థికి ఆంగ్లము అన్యభాష మాత్రమే గాదు. అది యొక ఆశ్రయము గూడ. రాష్ట్రభాషీయులకు గుజరాతీమాధ్యమము మాతృభాషకు తిరిగివచ్చుటవంటిది. మరాఠీ, తెలుగు విద్యార్థులకు అది ఒక పరభాషనుండి మరియొక పరభాషకు మారుట మాత్రమే. కనుక సచిన్ తెలుగు విద్యార్థి ఆంగ్లమును కోరుటను మాతృభాషాద్రోహముగ భావింపరాదు. ఆశ్రయమును కోరినవానికి ఆ యింట మసలుటకు వలయు శక్తిని గూడ కల్పించుట విద్యాసంస్థల ధర్మము.

సూరతు కేంద్రముగ దక్షిణ గుజరాతు విశ్వవిద్యాలయము 1965 నాటి శాసనము ననుసరించి యేర్పడినది. 2004లో దానికి సూరతు కవియైన నర్మదుని పేరు పెట్టబడినది. 1833లో జన్మించి 1886లో మరణించిన నర్మదుడు గుజరాతీకి నర్మకోశమను నిఘంటువును సమకూర్చినవాడు. ఇరుగుపొరుగు భాషల శబ్దజాలమును సమీకరించుట ఎట్టి శ్రమయో యెరిగిన మహనీయుని పేర వెలసిన విశ్వవిద్యాలయ పరిధిలో ఈ బహుభాషాసమస్య నెలకొనియుండుట గమనార్హము. ఆ నగరముననే 1961లో స్థాపితమైన ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల నేడు జాతీయ సాంకేతికసంస్థగ నున్నది. విజ్ఞానశాస్త్రము, ఇంజనీరింగు, వైద్యము మొదలగువానిలో ప్రామాణికగ్రంథములు ప్రధానముగ ఆంగ్లముననే యున్నవి. కళలు, వాణిజ్యము మొదలగు శాఖలలో గుజరాతీ గ్రంథము లుండినను పైచదువులకు పోవువారికి ఆంగ్లము తప్పదు.

1964 నుండి 1966 వరకు పనిచేసిన కొఠారీ విద్యాసంఘము ఆంగ్లమును గ్రంథాలయభాషగ పేర్కొన్నది. ఉన్నతవిద్య నభ్యసించు ప్రతివాడును ఆ భాషలో చదివి గ్రహింపగలిగియుండవలెనని దాని యాశయము. ఈ మాటలో లోతైన సత్యమున్నది. గ్రంథాలయభాష యనగా మాటలాడు భాష కాదు. ఈ భేదమును విస్మరించుటవలననే సహాయము పేర జరుగుచున్న పెక్కు ప్రయత్నములు దారి తప్పుచున్నవి.

3. సంభాషణాంగ్లము, శాస్త్రాంగ్లము

భాషాపాటవము ఒక్కటి కాదు, రెండు విధములని 1979లో కెనడా దేశపు విద్వాంసుడు జిమ్ కమ్మిన్స్ ప్రతిపాదించెను. నిత్యవ్యవహారమునకు చాలు పాటవ మొకటి. చదువునకు వలయు పాటవము రెండవది. వలసవచ్చిన బాలురను పరిశీలింపగా సంభాషణభాష సుమారు రెండేండ్లలో అలవడుననియు, చదువుభాష తోటివారితో సమానముగ నలవడుటకు అయిదు మొదలు ఏడేండ్లు పట్టుననియు తేలినది. మొదటిదానిలో ముఖకవళికలు, సందర్భము, ఎదుటివాని సహకారము తోడ్పడును. రెండవదానిలో కాగితముపై నున్న వాక్యము తప్ప వేరు తోడు లేదు.

ఈ రెండవ భాషకు ప్రత్యేకలక్షణములు కలవు. వంగదేశమున అధ్యాపకశిక్షణాధికారిగ పనిచేసిన మైకేల్ వెస్ట్ 1926లో ద్విభాషాస్థితినిగూర్చి వ్రాయుచు, భారతీయ విద్యార్థికి మొట్టమొదట కావలసినది పఠనశక్తి యని వాదించెను. 1953లో ఆయన ప్రకటించిన పదపట్టికలో సుమారు 2000 సామాన్యపదము లున్నవి. 2000 సంవత్సరమున న్యూజిలాండునందు ఆవెరిల్ కాక్స్‌హెడ్ శాస్త్రగ్రంథములలో మాత్రము తరచుగ కనబడు 570 పదకుటుంబములను వేరుచేసి చూపెను. శాస్త్రరచనలోని పదములలో సుమారు నూటికి పదివంతులు ఈ పట్టికకు చెందినవే. ఎనలైజ్, కాన్సెప్ట్, డిరైవ్, సిగ్నిఫికెంట్ మొదలగునవి అట్టివి. ఇవి వాణిజ్యశాస్త్రమునకుగాని, రసాయనశాస్త్రమునకుగాని ప్రత్యేకమైన పరిభాష కావు; కావున శాస్త్రాధ్యాపకుడు వీనిని వివరింపడు. బజారులో వినబడు పదములును కావు. కావున సంభాషణతరగతిలో ఇవి రావు. రెండు పొలముల నడిమి గట్టువలె ఇవి ఎవరి సాగునకును నోచుకొనక మిగిలిపోవును. విద్యార్థి తరచుగ తడబడునది ఇచటనే.

పదములకు పైన రచనాక్రమ మొకటి కలదు. 1990లో జాన్ స్వేల్స్ పరిశోధనవ్యాసముల పీఠికలను పరిశీలించి, వానిలో మూడడుగులు సామాన్యముగ నుండునని నిరూపించెను. మొదట విషయక్షేత్రమును చూపుట; పిమ్మట అందు మిగిలిన లోటును చూపుట; తరువాత ఆ లోటును ప్రస్తుతరచన ఎట్లు పూరించునో చెప్పుట. పూర్వపక్షసిద్ధాంతముల క్రమమెరిగిన భారతీయపండితులకు ఇది క్రొత్త కాదు. కాని పట్టవిద్యార్థికి ఈ క్రమమును ఎవరును విప్పిచెప్పరు. మంచి వ్యాసము వ్రాయుమని మాత్రము ఆజ్ఞాపింతురు.

4. తెలుగు విద్యార్థి తడబడు తావులు

భాషాసహాయము నిష్ఫలము గాకుండవలెనన్న విద్యార్థి ఎచట తడబడునో ముందు తెలియవలయును. తెలుగు, గుజరాతీ, ఆంగ్లముల వాక్యనిర్మాణమును పోల్చిచూచినచో ఈ క్రింది విషయములు తేటపడును.

మొదటిది విశేషణవాక్యము. తెలుగున ధాతుజవిశేషణము నామమునకు ముందు నిలుచును. “రాముడు తిన్న పండు”, “రాముడు తిన్న పళ్ళెము” అను రెంటికిని రూపమొక్కటే. పండు తినబడినది, పళ్ళెము తినుటకు ఆధారము. ఈ సంబంధమును తెలుగు వాక్యము బయటికి చెప్పదు, వినువాడే గ్రహించును. ఆంగ్లమున విశేషణవాక్యము నామమునకు వెనుక వచ్చును; పండునకు విచ్ అనియు, పళ్ళెమునకు ఇన్ విచ్ అనియు సంబంధమును స్పష్టముగ చెప్పితీరవలయును. తెలుగు విద్యార్థి వ్రాతలో ఇట్టిచోట ఇన్, ఫ్రమ్, బై మొదలగునవి లోపించుటకు కారణమిది. అది అజాగ్రత్త కాదు. మాతృభాష అవసరమని నేర్పనిది.

రెండవది క్త్వార్థకము. “వాన కురిసి చెరువు నిండినది” అను వాక్యమున కురిసి యనునది కాలక్రమమును చెప్పుచున్నదా, హేతువును చెప్పుచున్నదా అని తెలుగువా డడుగడు. రెండును కలవు. ఆంగ్లమున శాస్త్రరచన చేయువాడు ఆఫ్టర్, బికాజ్, బై అనువానిలో ఒకదానిని ఎన్నుకొనక తప్పదు. ఎన్నుకొనుటయనగా కార్యకారణసంబంధమును నిర్ణయించుట. కావున ఇచటి లోపము వ్యాకరణలోపమువలె కనబడినను నిజమునకు వాదలోపముగ పరిణమించును.

మూడవది కర్తృస్వరూపము. ఆంగ్లశాస్త్రరచనలో అచేతనములు కర్తలై యుండుట పరిపాటి: పట్టిక చూపును, అంకెలు సూచించును, ఫలితములు సమర్థించును. తెలుగున “ఈ పట్టికవలన తెలియుచున్నది” అనుట సహజము. తెలుగు నుడికారము ననుసరించి ఆలోచించు విద్యార్థి ఆంగ్లమున ఇట్టి వాక్యములను చూచి దిగ్భ్రమ చెందును. వ్రాయబోయి, ప్రతి వాక్యమును వుయ్ అనియో, పీపుల్ అనియో మొదలిడును.

నాలుగవది అనుకరణము. తెలుగున పరుల మాటకు చివర “అని” చేరును. ఆంగ్లమున దట్ అనునది ముందు వచ్చును. ఎవరి యభిప్రాయ మెచట ముగిసినదో, వ్రాయువాని యభిప్రాయ మెచట మొదలైనదో తెలియజేయుట శాస్త్రరచనకు ప్రాణము. ఈ సరిహద్దు చెరగినచో పరుల మాట తన మాటగ చెల్లిపోవును. అది దొంగతనముగ పరిగణింపబడును. విద్యార్థి దొంగ కాకపోవచ్చును. సరిహద్దు గీయుట తెలియనివాడు కావచ్చును.

ఇచట సూరతు ప్రాంతపు తెలుగు విద్యార్థికి ఒక మేలు కలదు. గుజరాతీయందు అనుకరణమునకు “కె” అను అవ్యయము వాక్యమునకు ముందు వచ్చును. ఇది ఆంగ్లపు దట్‌ను పోలియున్నది. గుజరాతీయందలి “జే” అను సంబంధసర్వనామము ఆంగ్లపు విచ్, హూ అనువానికి దారి చూపును. తెలుగునుండి ఆంగ్లమునకు నేరుగ దాటుట కష్టమైనచోట గుజరాతీ మెట్టుగ ఉపకరించును. వానికి వచ్చిన నాలుగు భాషలను నాలుగు భారములుగ నెంచు ఉపాధ్యాయుడు ఈ మేలును గమనింపడు.

మేలుతోపాటు చిక్కును కలదు. భారతీయభాషలకు సామాన్యమైన సంస్కృతపదములు శాస్త్రపరిభాషకు వంతెనలే. కాని కొన్నిచోట్ల అర్థము మారియుండును. హిందీ “శిక్షా” విద్య. తెలుగు “శిక్ష” దండనము. గుజరాతీ “వ్యవసాయ” వృత్తి. తెలుగు “వ్యవసాయము” సేద్యము. గుజరాతీ “అభ్యాస” చదువు. తెలుగు “అభ్యాసము” అలవాటు చేసికొనుట. గుజరాతీ “ప్రపంచ” కపటము. తెలుగు “ప్రపంచము” లోకము. గుజరాతీలో విన్న పాఠమును తెలుగున తలచి, ఆంగ్లమున వ్రాయు విద్యార్థి జవాబులో ప్రొఫెషన్ ఉండవలసినచోట అగ్రికల్చర్ కనబడినచో దిద్దువాడు నవ్వవచ్చును. కాని ఆ తప్పునకు త్రోవ ఎవరును మూసియుంచలేదు. ఇట్టి పదములను గుర్తించి పట్టిక కట్టుట భాషాశాఖలవారి పనియే.

5. సాగిన ప్రయత్నములు

ఆంగ్లబోధనమును శాస్త్రీయముగ సంస్కరించుటకు 1958లో హైదరాబాదున కేంద్ర ఆంగ్లసంస్థ స్థాపింపబడినది. అది 2006 నాటి పార్లమెంటు శాసనముతో కేంద్రీయవిశ్వవిద్యాలయమైనది. గుజరాతున వల్లభవిద్యానగరమందు 1965లో హెచ్. ఎం. పటేల్ పేర ఆంగ్లశిక్షణ పరిశోధనసంస్థ వెలసినది. 2007లో గుజరాతు ప్రభుత్వము స్కోప్ అను సంస్థ నేర్పాటుచేసి, కేంబ్రిడ్జి పరీక్షావిభాగము సహకారముతో యువజనులకు ఆంగ్లపాటవపరీక్షల నందుబాటులోనికి తెచ్చినది. కళాశాలలలో భాషాప్రయోగశాలలును వెలసినవి.

ఈ యత్నములు ప్రయోజనము లేనివి కావు. ఉద్యోగమునకు పోవువానికి ధైర్యముగ నాలుగు మాటలాడగలుగుట గొప్ప బలము. కాని వీనిలో అధికభాగము సంభాషణమునకును, సామాన్యపాటవమునకును సంబంధించినవి. పట్టవిద్యార్థి పరీక్షలో కూలబడునది సంభాషణమున కాదు. “చర్చింపుము”, “విమర్శింపుము”, “పోల్చుము”, “సమర్థింపుము” అను ఆజ్ఞల నడుమ భేదము తెలియక, ఏ ప్రశ్నకైనను తనకు తెలిసినదంతయు వ్రాయుటవలన కూలబడును. లేదా పాఠము నర్థము చేసికొన శక్తి చాలక గైడు పుస్తకమును వల్లెవేయును. వల్లెవేసినవానికి పట్టము రావచ్చును, విద్య రాదు. సహాయము లేనిచో మధ్యలో చదువు మానువాడు కొందరికి కనబడును. పట్టముతో బయటికి వచ్చియు ఏమియు చదువలేనివాడు ఎవరికిని కనబడడు. రెండవ నష్టము మొదటిదానికంటె చిన్నది కాదు.

6. సహాయస్వరూపము

సహాయము పాఠ్యవిషయమునకు వెలుపల గాక లోపల సాగవలయునన్నది పైచర్చవలన తేలుచున్న మొదటి నిర్ణయము. దీని నొక ఉదాహరణముతో వివరింపవచ్చును. అర్థశాస్త్రవిద్యార్థి కీ వాక్య మెదురైనదనుకొందము: “ది ఇంట్రడక్షన్ ఆఫ్ షటిల్‌లెస్ లూమ్స్ లెడ్ టు ఎ డిక్లైన్ ఇన్ ది డిమాండ్ ఫర్ స్కిల్డ్ లేబర్ ఇన్ సమ్ యూనిట్స్.” సచిన్ నేతకుటుంబపు విద్యార్థికి ఇందలి విషయము క్రొత్తది కాదు. “నాడె లేని మగ్గములు వచ్చినవి, కొన్ని కార్ఖానలలో పని తెలిసినవారి అవసరము తగ్గినది” అని అతని యింట ఎప్పుడో అనుకొనియుందురు. పడుగును, పేకను, గుజరాతీ “తాణో వాణో”లను ఎరిగిన యింటివాడు ఈ వాక్యమువద్ద ఆగిపోవుటకు కారణము విషయాజ్ఞానము కాదు. ఆంగ్లవాక్యము వచ్చుట, తగ్గుట, కోరుట అను మూడు క్రియలను మూడు నామములుగ మార్చి, లెడ్ టు అను ఒక్క క్రియతో వానిని కట్టివేసినది. తెలుగు రెండు చిన్న వాక్యములలో చెప్పినదానిని ఒక్క వాక్యమున బిగించినది. “ఇన్ సమ్ యూనిట్స్” అను చివరి మాట వాదమునకు హద్దు గీసినది. దానిని విడిచినచో వాక్యము అసత్యమగును.

ఇట్టి వాక్యమును బోధించు క్రమమిది. మొదట నామములలో దాగిన క్రియలను వెలికితీయవలయును. రెండవది, ఏది కారణము, ఏది కార్యము అని విద్యార్థులచేత వారికి వచ్చిన భాషలో చెప్పింపవలయును. అది తెలుగైనను, గుజరాతీయైనను దోషములేదు. మూడవది, హద్దు చూపు మాటను గుర్తింపజేయవలయును. నాలుగవది, అదే యచ్చున రంగులద్దకమును గూర్చియో, నీటివాడకమును గూర్చియో క్రొత్త వాక్యమును ఆంగ్లమున వ్రాయింపవలయును. ఒక వాక్యమునకు అరగంట పట్టవచ్చును. కాని ఆ అరగంటలో విద్యార్థి నేర్చునది ఆ వాక్యమును గాదు. అట్టి వాక్యములన్నిటిని విప్పు పద్ధతిని.

ఒక భాషలో విని మరియొక భాషలో చెప్పించు ఈ పద్ధతికి 1994లో వేల్సుదేశపు విద్యావేత్త కెన్ విలియమ్స్ ప్రత్యేకమైన పేరు పెట్టెను. వెల్షుభాష ఆంగ్లము నీడలో క్షీణించుచున్న తరి, రెండు భాషలను ఒకే తరగతిలో బుద్ధిపూర్వకముగ వాడుటవలన రెండును బలపడునని ఆయన తలపు. మాతృభాషను తరగతినుండి వెళ్ళగొట్టినగాని ఆంగ్లము రాదను నమ్మకము ఇట్లు పునఃపరిశీలన కర్హమైనది.

దక్షిణాపథమున ఇందుకు పూర్వోదాహరణము కలదు. 1918లో హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూను బోధనభాషగ గ్రహించినను ఆంగ్లమును నిర్బంధభాషగ నిలిపినది. అనువాదశాఖ నొకదానిని పోషించి శాస్త్రగ్రంథముల నుర్దూలోనికి తెప్పించినది. ఆ యేర్పాటున తెలుగునకు చోటు దక్కకపోవుట వేరు విషయము. బోధనభాషయు, గ్రంథాలయభాషయు వేరైనప్పుడు నడుమ వంతెన నిర్మించుట సంస్థ బాధ్యతయేగాని విద్యార్థి బాధ్యత కాదని ఆ విశ్వవిద్యాలయము గ్రహించినది. తరువాత 1968లో తెలుగు అకాడమి వెలసి కళాశాలలకు తెలుగు పాఠ్యగ్రంథములను, పరిభాషాకోశములను సమకూర్చినది.

మూడేండ్ల పట్టవిద్యలో ఈ సహాయమును క్రమముగ పంచవచ్చును. మొదటి సంవత్సరము పఠనమునకు కేటాయింపదగినది. ప్రతి శాస్త్రమునందును ముఖ్యమైన నూరు పదములకు తెలుగు, గుజరాతీ, ఆంగ్లపు అర్థములతో త్రిభాషాపట్టిక నిచ్చి, వారమున కొక పుటను పైని చూపిన రీతిని విప్పి చదివింపవలయును. రెండవ సంవత్సరము జవాబుల రచనకు. ప్రశ్నలోని ఆజ్ఞాపదమును గుర్తించుట, దానికి తగిన క్రమమున అయిదారు వాక్యముల ఖండికను వ్రాయుట, పరుల మాటకును తన మాటకును సరిహద్దు గీయుట అప్పు డభ్యసింపవలయును. మూడవ సంవత్సరము చిన్న నివేదికకు. విద్యార్థి తన పరిసరములనుండియే విషయము నెన్నుకొని, తెలిసినవారి నడిగి, తెలుగుననో గుజరాతీననో వ్రాసికొని, తుదకు ఆంగ్లమున నివేదింపవలయును. నాలుగేండ్ల పట్టవిద్య యున్నచోట నాలుగవ సంవత్సరమును పరిశోధనవ్యాసమునకు వినియోగింపవచ్చును.

దీనిని నడుపువా రెవరను ప్రశ్న వచ్చును. ఆంగ్లాధ్యాపకునికి రసాయనశాస్త్రము తెలియదు. రసాయనాధ్యాపకుడు భాషాబోధనము తన పని కాదనును. వారమున కొక గంట యిరువురును కలిసి ఒక పుటను సిద్ధముచేసినచో ఈ చిక్కు చాలవరకు తొలగును. జవాబుపత్రములను దిద్దునపుడు విషయమునకు, భాషకు వేరువేరుగ గుణము లిచ్చుట మరియొక ఉపాయము. తన తప్పు ఆలోచనలోనిదో, వాక్యములోనిదో తెలియనివానికి దిద్దుకొనుట సాధ్యము గాదు.

7. ఆక్షేపములు, సమాధానములు

విశ్వవిద్యాలయము పాఠశాల కాదనియు, భాషను నేర్పుచు కూర్చున్నచో ప్రమాణములు పడిపోవుననియు కొంద రాక్షేపింతురు. శాస్త్రాంగ్లము పాఠశాలలో నేర్పబడునది కాదు. నేర్పుటకు వలయు శాస్త్రమే యచట లేదు. ఆంగ్లము మాతృభాషగాగల విద్యార్థులు గూడ దానిని విశ్వవిద్యాలయముననే నేర్చుకొనవలసియున్నది. కావున ఇది లోటును పూడ్చు పని గాదు, విద్యలో భాగమే.

ఆంగ్లసహాయము పెరిగినచో తెలుగు నశించునని మరికొంద రందురు. ప్రవాసమున తెలుగు నశించుటకు పెక్కు కారణములు కలవు. అందులో ముఖ్యమైనది ఆ భాషకు ఇంట తప్ప మరెచటను పని లేకపోవుట. పైని చెప్పిన పద్ధతిలో తెలుగునకు కళాశాలలో ఒక పని లభించును. మగ్గమునుగూర్చి తండ్రి చెప్పిన మాట కుమారుని నివేదికలో ఆధారమైనప్పుడు ఆ భాషకు గౌరవము కలుగును.

యంత్రములు క్షణములో అనువదించుచున్న ఈ కాలమున ఇంత శ్రమ ఏల యనువారును కలరు. యంత్రానువాదము చదువరికి మంచి ఊతకఱ్ఱ. అయితే “వాన కురిసి చెరువు నిండినది” అను వాక్యమున హేతువును చెప్పదలచెనో, క్రమమును చెప్పదలచెనో వ్రాసినవానికే తెలియవలయును. ఆ నిర్ణయమును యంత్రమునకు విడిచినవాడు భాషనే గాదు, ఆలోచనను గూడ విడిచినవాడగును.

8. ఉపసంహారము

ఈ ప్రశ్న సూరతునకు మాత్రమే పరిమితము గాదు. 2021లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము పట్టకళాశాలలలో ఆంగ్లమాధ్యమమును నిర్బంధముగ ప్రవేశపెట్ట నిర్ణయించినది. అదే సంవత్సరము అఖిలభారత సాంకేతిక విద్యామండలి తెలుగు, గుజరాతీ మొదలగు భాషలలో ఇంజనీరింగు బోధనమునకు అనుమతి నిచ్చినది. ఒకటి ఆంగ్లమువైపునకు, ఒకటి దేశభాషలవైపునకు సాగు ఈ రెండు మార్గములలో ఏది యవలంబించినను, ఒక భాషలో ఆలోచించి మరియొక భాషలో చదువవలసిన విద్యార్థి మిగిలియే యుండును. మాధ్యమనిర్ణయముతో పని ముగియదు, అచటినుండియే మొదలగును.

ఇందు తెలుగు శాఖల కర్తవ్యమును స్పష్టమే. స్వరాష్ట్రమునకు వెలుపల తెలుగును బోధించు శాఖలు కావ్యపాఠములతోపాటు మూడు పనులను చేపట్టదగును. తెలుగు వాక్యమును ఆ రాష్ట్రభాషతోను, ఆంగ్లముతోను పోల్చి విద్యార్థుల కుపకరించు చిన్న వ్యాకరణమును రచించుట యొకటి. అర్థభేదము గల సమానపదముల పట్టికను సిద్ధముచేయుట రెండవది. నేత, అద్దకము మొదలగు వృత్తులలో ప్రవాసాంధ్రులు వాడు పదములను సేకరించి, వానిని శాస్త్రపదములతో జోడించుట మూడవది. ఈ పదములను తెలిసిన మొదటి తరమువారు వృద్ధులగుచున్నారు. వారి మనుమలు కళాశాలలలో నున్నారు. తాత మాటకును మనుమని పుస్తకమునకును నడుమ తెగిన పోగును అతుకవలసిన కాలమిది. ఆలస్యమైనచో పదములును పోవును, వానిని అడుగువారును ఉండరు.